కనెక్టర్ బయట మిగిలిన పిన్ను

పేరు, చిరునామా పైన రాసుకున్నారు, ఇన్‌స్పెక్టరు గారూ. నా వయసు ముప్పై నాలుగు. రేకు డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో కంట్రోల్ బోర్డులు రిపేరు చేస్తాను. మూడో ప్రెస్సు మీద కుడిచేతి వేళ్లు పోగొట్టుకున్నది మా అక్క. ఆ ఉదయం ఆ ప్రెస్సుకు బోర్డు మార్చిన ఫిట్టర్ నా భర్త. ఈ రెండూ ముందే రాసుకోమని అడిగాను.

ప్రెస్సుకు ముందు జాలీ తలుపు ఉంటుంది. తలుపు తీసి ఉంటే ప్రెస్సు దిగకూడదు. తలుపు మీది అయస్కాంతం దగ్గరికి వస్తే సెన్సర్ ‘మూసి ఉంది’ అని సిగ్నల్ ఇస్తుంది. ఆ సిగ్నల్ చిన్న బోర్డులోకి వచ్చి, అక్కణ్ణించి పది పిన్నుల ఎక్స్‌పాన్షన్ కనెక్టర్ ద్వారా పెద్ద బోర్డుకు వెళ్తుంది. చిన్న బోర్డు తప్పుగా కూర్చోకుండా దాని సాకెట్‌లో ఆరో రంధ్రం జిగురుతో మూసేస్తాం. పెద్ద బోర్డు మీద ఆరో పిన్ను కత్తిరిస్తాం. అది మా దగ్గరి పద్ధతి. బోర్డు గట్టిగా కూర్చుంటే సరిగ్గా కూర్చున్నట్టే లెక్క. ఇంకెవరూ చూడరు.

ఆ రోజు పది గంటలకు పెద్ద బోర్డు కాలిపోయింది. కొత్తదానికి పిన్ను ఇంకా కత్తిరించలేదు. నా భర్త దాన్ని తీసుకెళ్లి ప్రెస్సు దగ్గరే కత్తిరించారు. ఆరోది కాకుండా పక్కది, ఏడోది కత్తిరించారు. చిన్న బోర్డు ఒక పిన్ను జరిగి కూర్చుంది. గట్టిగానే కూర్చుంది. తలుపు సిగ్నల్ రావలసిన పిన్నుకు, ఎప్పుడూ వోల్టేజి ఉండే పక్క లైను తగిలింది. ఇక తలుపు తీసినా ప్రెస్సుకు మూసినట్టే. తలుపు తీసి పరీక్షించలేదు. లైను ఆగిపోయిందని సూపర్‌వైజరు తొందరపెట్టారు.

తలుపు మూస్తే వెలిగే లైటు లైను కూడా జరిగిపోయింది, అది వెలగలేదు. అది అక్క గమనించింది. “మరిదిగారూ, మీ కొత్త బోర్డు పుట్టు గుడ్డిదా?” అంది.

“బల్బు పోయుంటుంది వదినా. భోజనాలయ్యాక మారుస్తా. ఈలోగా దానికి నీ కళ్లద్దాలు పెట్టు,” అన్నారు ఆయన.

ఇద్దరూ నవ్వుకున్నారని పక్క ప్రెస్సు ఆమె చెప్పింది. భోజనాలకు ముందే, ఇరుక్కున్న రేకు తియ్యడానికి అక్క తలుపు తెరిచి చెయ్యి పెట్టింది.

సెన్సర్‌కు అక్కే అయస్కాంతం అంటించిందని సూపర్‌వైజరు మీకు రాసిచ్చారు. ఆమె జేబులో అయస్కాంతం దొరికిన మాట నిజం. కింద పడిన స్క్రూలు దాంతో ఏరుతుంది. వంగితే నడుము పట్టేస్తుంది. ఆ అయస్కాంతం మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుది. నేనే ఇచ్చాను.

ఈ రోజు మీ ఎదుట ప్రెస్సు మూత విప్పాను. మొదటి పిన్ను కనెక్టర్ బయట మిగిలి ఉంది. మీరు ఫొటో తీశారు. తలుపు తీసినా, మూసినా మీటరు ఒకే వోల్టేజి చూపించింది. సెన్సర్ మీద ఏమీ అంటించి లేదు. అక్క తప్పు లేదు.

నా భర్త నన్ను బెదిరించలేదు. పొద్దున బయల్దేరుతుంటే చెప్పులు తొడుక్కుంటూ, “చూసింది చూసినట్టు చెప్పు. వదిన మీద పడనివ్వకు,” అన్నారు. ఇప్పుడు బయట బెంచీ మీద ఉన్నారు.

ఇది నాకు చదివి వినిపించారు. ఒక మాట వదిలేశారు. అవసరం లేదన్నారు. చేర్చమన్నాను, చేర్చారు: పిన్ను కత్తిరించిన కట్టర్ నా బల్ల మీదిది. “బోర్డు ఇలా ఇవ్వండి, నేను కత్తిరిస్తా,” అని ఆ ఉదయం నా భర్తతో అన్నాను. “నీ టీ చల్లారిపోతుంది, తాగు,” అన్నారు. కట్టర్ ఆయన చేతికిచ్చి, టీ తాగాను.

పైన ఉన్నదంతా నేను చెప్పినదే, నిజమే. ఎవరి బలవంతమూ లేదు.

(సంతకం)