తలకు టవలు చుట్టుకున్న సిపాయి

లండన్, ఒంటారియో. ఏప్రిల్ ఆదివారం, బొమ్మ సైనికుల ప్రదర్శన జరుగుతున్న హాలు. డెబ్బైకి దగ్గరపడిన, భార్యను పోగొట్టుకున్న కృపాదానం. ఏజాక్స్‌లో ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే విద్యార్థిని ఇషిత.

“...అది కాదంకుల్, ఆయన బల్ల మీద చెంప ఆనించి పడుకున్నడేంది? పానం బాగలేదా?”

“బాగానే ఉన్నాడమ్మా. గుర్రాన్ని దాని ఎత్తు నుంచి చూస్తున్నాడు.”

“అరవై ఏళ్లుంటయ్ ఆయనకు.”

“గుర్రానికి నూట ఇరవై. అలా వేలుపెట్టి చూపించకు.”

“షిఫ్ట్ మార్చుకొని, రెండున్నర గంటలు హైవే మీద డ్రైవ్ చేసి వచ్చింది సీసం బొమ్మల కోసమా? మీరు కొత్త చొక్కా వేసుకుంటే ఎవరన్న ఆంటీని చూడనీకి పోతున్నరనుకున్న.”

“ఆంటీనా!”

“రూంల అందరం అట్లనే అనుకున్నం. టీనా అయితే పేరు కూడా పెట్టింది.”

“ఎవరికి?”

“ఆంటీకి.”

“ఛ ఛ. నలుగురూ కూర్చుని చదివేది ఇదా?”

“ఈడ చూస్తే ఒక్క ఆంటీ లేదు. అందరూ తాతలే. చర్చిల ఏం చెప్పిన్రు?”

“పాస్టరు గారితో మోకాలు నొప్పన్నాను.”

“అబద్ధం.”

“మోకాలు నిజంగానే నొప్పి. అది కాదు గానీ, గుమ్మం దగ్గర చేతి మీద ముద్ర వేసినాయన్ని చూశావా? నా చెయ్యి చల్లగా ఉందని రెండు చేతుల మధ్యా కాసేపు పెట్టుకున్నాడు. మంచివాడు.”

“చూసిన. వదుల్తడా లేదా అని చూసిన. మాట మార్చకుండ్రి. ప్రతి బల్ల కాడ ఆ పాంప్లెట్ తీస్తున్నరు, భూతద్దం పెడుతున్నరు. ఏం వెతుకుతున్నరు?”

“ఏం లేదు. ఊరికే. నెపోలియన్ని చూశావా?”

“ఏడుగురు నెపోలియన్లను చూసిన. ఏం వెతుకుతున్నరు?”

“ముందుకి నడువమ్మా. వెనక జనం ఉన్నారు.”

“ఎవరూ లేరు వెనక. అగో, ఈయనను చూడుండ్రి, చేతులకు గ్లౌజులు. బొమ్మకు ఆపరేషన్ చేసేటట్టున్నడు.”

“ఆపరేషన్ కాదమ్మాయ్, స్నానం.”

“అయ్యో! సారీ సార్. తెలుగోళ్లనుకోలే.”

“ఎవరూ అనుకోరు. అరవై బల్లల్లో తెలుగు బల్ల ఇదొక్కటే. నా పేరు అమరేశ్వరరావు. రిటైరయ్యాను.”

“ఆర్మీల చేసిన్రా సార్?”

“ఇన్సూరెన్స్‌లో. మీ నాన్నగారేమిటి, అలా నిలబడిపోయారు?”

“నాన్న కాదు, మా ఇంటి ఓనరు. కృపాదానం అంకుల్. అంకుల్? ఏమైంది?”

“ఏం లేదు. ఆ గాజు గూట్లో ఉన్నాడే... లైటు కింద. తలకి...”

“ఆహా, కన్ను పడిందా! మద్రాసు పటాలం సిపాయి మాస్టారూ. బర్మా యుద్ధంలో ఎండకి తట్టుకోలేక తలకి తడిగుడ్డ చుట్టుకున్న దళం ఒకటుండేది. దాని బొమ్మ ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే.”

“చేతిల తుపాకి లేదు సార్. కర్రుంది.”

“నదిలో లోతు కొలిచే కర్ర. దాటాలా వద్దా మరి?”

“కబాబ్ పుల్ల లెక్కుంది.”

“ధర చూసి మాట్లాడు.”

“తొమ్మిది వందల డాలర్లా! దీనికా?”

“దీనికే. బేరాల్లేవు. ముట్టుకోవడం లేదు. మాస్టారూ, మీరు చెప్పండి. చూస్తే మీకేమనిపిస్తోంది?”

“నాకా? సిపాయేనండీ. మంచి సిపాయి.”

“అంతేనా?”

“అంతేనండీ. అమ్మా ఇషితా, కాఫీ తాగొద్దాం పద.”

“ఇప్పుడే తాగినం గదా.”

“ఇంకోసారి తాగుదాం. పద.”

“...కాఫీ అని చెప్పి గోడ కాడికి తెచ్చిన్రు. ఏడుస్తున్నరా?”

“లేదు. దుమ్ము.”

“ఆయన బొమ్మలకు స్నానాలు చేయిస్తుండు. దుమ్మేడిది? చెప్పుండ్రి.”

“అది మా ఆవిడది. బాలకుమారిది.”

“ఆంటీదా? ఆంటీ సోల్జర్లను జమచేసేదా?”

“క్రిస్మస్‌కి, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలతో పెట్టడానికి. మేం వచ్చిన కొత్తలో ఎవరో గరాజ్ సేల్ చివర్లో డబ్బాడు సిపాయిల్ని ఊరికే ఇచ్చారు. బేత్లెహేములో తుపాకులెందుకని అందరివీ విరగ్గొట్టింది. కర్రలు పెట్టింది. నువ్వన్నది నిజమే, కబాబ్ పుల్లలే.”

“మరి ఆ రంగులు?”

“గోళ్ల రంగు. నర్సు కదా, డ్యూటీలో వేసుకోనివ్వరు. అయినా సీసాలు కొనేది. ఎండిపోతుంటే చూడలేక సిపాయిలకి వేసింది. మీసాల సుబేదారు యోసేపయ్యాడు.”

“మరియమ్మ?”

“బాకా ఊదేవాడు. బాకా పీకేసి ముసుగు వేసింది. మీసం మాత్రం ఎన్ని పూతలు వేసినా పోలేదు. క్రిస్మస్‌కి పాస్టరు గారు వచ్చి, వంగి దగ్గర్నుంచి చూసి, ప్రార్థన మధ్యలో కళ్లనీళ్లు వచ్చేదాకా దగ్గారు.”

“నవ్వియ్యకుండ్రి. ఇది ఆంటీదే అని ఎట్ల తెలుసు?”

“మా నరసాపురం సండే స్కూలు నాటకాల్లో గొర్రెలకాపరి అంటే తలకి టవలే. తొమ్మిదేళ్లప్పుడు ఆవిడ కాపరి. గులాబిరంగు గళ్ల టవలు, వాళ్ల నాన్నది. ఆ గళ్లే వేసింది. ఇంకెవరు వేస్తారమ్మా?”

“మరి ఈయన దగ్గరికి ఎట్లొచ్చింది?”

“పాత సామానుతో డొనేషన్ షాపుకి పోయింది. మా అబ్బాయి ఆండ్రూ వాంకూవర్ నుంచి వచ్చి బేస్‌మెంట్ రెండ్రోజుల్లో ఖాళీ చేశాడు. వాడి తప్పు లేదు. ఆ డబ్బాలో ఏముందో నేనే చెప్పలేదు.”

“ఎప్పుడు?”

“వదిలెయ్.”

“ఎప్పుడంకుల్?”

“ఏడాదిన్నర అయిందేమో.”

“మేం దిగినప్పుడు.”

“ఊళ్లో ఎక్కడా రూములు లేవు. నలుగురాడపిల్లలు సూట్‌కేసులతో గుమ్మంలో నిలబడ్డారు. డబ్బాలు చూసుకుంటూ కూర్చోమంటావా?”

“నా మంచం వేసిన మూలకే కదా, ఆ డబ్బా ఉన్నది?”

“నీదే అని ఎవరన్నారు? టీనాది కూడా అయ్యుండొచ్చు.”

“రెండు క్రిస్మసులు మీరు పాక పెట్టలే. అడిగితే మోకాలు నొప్పన్నరు.”

“మోకాలు నిజంగానే...”

“వాట్సాప్‌ల మన తెలుగోళ్ల గ్రూప్‌ ఉంది గదా. అడగకపోయిన్రా?”

“పొద్దున్నే ఆ గుడ్ మార్నింగ్ పువ్వులు భరించలేక ఎప్పుడో బయటికొచ్చేశాను. మొన్న లైబ్రరీలో ఈ పాంప్లెట్ కనబడింది. ఇదిగో, ఫొటోలో ఈ మూల. గళ్లు.”

“పదండి, ఆయనకు చెప్దాం.”

“వద్దు.”

“మీ బొమ్మ అంకుల్!”

“ఏమని చెప్తాం? అయ్యా, మీ బర్మా యుద్ధం మా ఆవిడ గోళ్ల రంగు, అనా? ఆయన ఆ బొమ్మకి గాజు గూడు కట్టించాడు. లైటు పెట్టాడు. ఇంతమంది తోటివాళ్ల మధ్య ఆయన్ని చిన్నబుచ్చడం ఎందుకు? నేనైతే డబ్బాలో పడేశాను.”

“మరి ఏం చేస్తరు?”

“ఇంకోసారి చూసి పోదాం. నాకు చాలు. నువ్వు మాత్రం నోరు విప్పకు.”

“సరే.”

“ఒట్టు వెయ్యి.”

“ఒట్టు.”

“...వచ్చారా! చేతుల్లో కాఫీలు లేవేం?”

“తాగేశామండీ. ఇంకోసారి చూసి వెళ్దామని. మంచి పనితనం.”

“ఉండదూ మరి! అబిసీనియా దండయాత్రలో ఈ దళం...”

“ఇందాక బర్మా అన్నరు సార్.”

“రెండు చోట్లకీ వెళ్లారమ్మాయ్. ఓడలుండేవి. మాస్టారూ, మళ్లీ అడుగుతున్నాను. సిపాయేనంటారా?”

“సిపాయేనండీ.”

“మొహం చూసి చెప్పండి.”

“ధైర్యవంతుడు. పాపం, బర్మాలో చాలా కష్టపడి ఉంటాడు.”

“సరే. మీ ఇష్టం. నాలుగవుతోంది, సర్దుకుంటాను.”

“సార్, ఆగుండ్రి.”

“ఇషితా! ఒట్టేశావు.”

“సగమే వేసిన. సార్, వాడు సిపాయి కాదు. గొర్రెలకాపరి. తలకున్నది తడిగుడ్డ కాదు, నరసాపురం టవలు. అది గోళ్ల రంగు. ఆంటీ వేసింది.”

“క్షమించండి అమరేశ్వరరావు గారూ. చిన్నపిల్ల. అసైన్‌మెంట్లతో నిద్ర లేదు. బర్మాయేనండీ. ముమ్మాటికీ బర్మా.”

“మీరుండండి మాస్టారూ. ఒక్కటే అడుగుతాను. వీపు మీద మూపురం ఉన్న గుర్రం సంగతేమిటి?”

“అది మీకెలా... అది గుర్రం కాదండీ. ఒంటె. బాలయేసుని చూడవచ్చే జ్ఞానులకి ఒంటె లేకపోతే ఎలాగని, గోడకి పూసే పుట్టీ తెచ్చి పెట్టింది.”

“హమ్మయ్య. అమ్మాయ్, ఆ ధర చీటీ చింపెయ్.”

“ఎందుకు సార్?”

“ఎవరూ కొనకూడదని పెట్టింది, ఇంక పనిలేదు. డొనేషన్ షాపులో నేను కొన్న ఆ డబ్బా అడుగున తెలుగులో ఒక కాగితం ఉంది మాస్టారూ, ఎవరు ఎవరో వరసగా రాసి. ఈ బొమ్మలు దొరికాయని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే పదకొండుమంది మావేనన్నారు. ఏమిటో చెప్పండంటే పదకొండుమందీ సిపాయిలే అన్నారు.”

“నేనూ అదే అన్నాను కదండీ.”

“మీరూ అదే అన్నారు. రెండుసార్లు. ప్రాణం తీశారు.”

“మరి... మరి బర్మా?”

“బర్మా నా సొంతం. మూడు షోలుగా చెప్పి చెప్పి నాకే నమ్మకం కుదిరింది. వాణ్ని జాగ్రత్తగా పట్టుకుని పదండి. మరియమ్మ మీసంతో సహా మిగతావాళ్లంతా నా కారులో ఉన్నారు.”