నాగేంద్రబాబు అయోడిన్ చదువు

రాయచూరు జిల్లా గోరేబాళ దగ్గర కాలవ కింద వరి పండించే ఆంధ్రావాళ్ళలో నాగేంద్రబాబుకి చదువు తొమ్మిదో తరగతి దగ్గరే ఆగిపోయింది గానీ, నోటికి మాత్రం ఎక్కడా ఆగే అలవాటు లేదు. ఆ సాయంత్రం అతను కుసుమ వాళ్ళ వరండాలో కూర్చుని, పెద్ద డాక్టర్లతో పాటు తానూ ట్రైనింగు అయ్యానని మొదలెట్టాడు.

కుసుమకి అప్పటికే మనసు మనసులో లేదు. థైరాయిడ్ ఎక్కువై చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడలాడుతోంది, మనిషి సగమైపోయింది. మాత్రలకి లొంగడం లేదని హైదరాబాదు ఆసుపత్రిలో రేడియోధార్మిక అయోడిన్ తాగమన్నారు. ఆ మాట విన్నప్పట్నించీ ఆమెకి నిద్రలేదు. బాంబుల్లో ఉండే సరుకులాంటిది గొంతులో పోసుకోవడమేమిటి? పోసే డాక్టరు చెయ్యి జారితే? ఇప్పటికే ఒకసారి తారీఖు మార్పించింది. మళ్ళీ మార్పించమని భర్త చంద్రమోహన్‌తో పొద్దుటి నుంచీ గొడవ. అది చెవినబడే నాగేంద్రబాబు వచ్చాడు. అతని అక్క కూతురు వాణి బెంగళూరులో ఆ వైద్యమే చదువుతోంది మరి.

మొదట చెప్పింది చిన్నమాటే. వాణికి ఆవకాయ ఇచ్చి రావడానికి వెళ్ళాడట. అక్కడ కొత్త డాక్టర్లు చేతులకి తొడుగులేసుకుని, ఎర్ర రంగునీళ్ళు ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి పోస్తూ కూర్చున్నారట. అసలు మందు ముట్టుకోనిచ్చే ముందు చెయ్యి తిరిగేదాకా రంగునీళ్ళతోనే సాధన చేయిస్తారట. కింద పరిచిన తెల్లకాగితం మీద ఒక్క చుక్క పడ్డా మళ్ళీ మొదటికే. పెద్ద డాక్టరు పక్కనే నిలబడి చూస్తాడట.

"అప్పుడు నేనేం చేశానో తెలుసా?" అంటూ నాగేంద్రబాబు టీ గ్లాసు కింద పెట్టాడు.

అతను గ్లాసు కింద పెట్టాడంటే రెండు చేతులూ కథకే కావాలన్నమాట. ఒక్క చుక్క ఒలక్కుండా, అదీ కళ్ళు మూసుకుని పోసేశాడట. పెద్ద డాక్టరు నోరెళ్ళబెట్టి, ఏళ్ళ తరబడి నేర్పే చదువంతా భోజనాలకీ సాయంత్రం టీకీ మధ్యన అతనికి నేర్పేశాడట. మందు ఎక్కడ ఒలికిందో కనిపెట్టడానికి టకటకలాడే యంత్రం ఒకటుంటుంది, అందరికీ అది కావాలి, నాగేంద్రబాబుకి ముక్కు చాలు. మందు ఉంచే బరువైన సీసం లోహపు పెట్టెని నలుగురు మోస్తుంటే ఇతను తువ్వాలులా చంకన పెట్టుకున్నాడు. అంతలో మూత ఊడింది, అందరూ పరిగెత్తారు, ఇతనొక్కడే కిందపడ్డ మందుని దోసిట పట్టి మళ్ళీ సీసాలో పోశాడు.

"ఆ తర్వాత ఏమైందంటావ్, కుసుమా? ఒళ్ళంతా వెలుగు. హాస్టల్లో కరెంటు పోతే పరీక్షల పిల్లలంతా నా చుట్టూ కూర్చుని చదువుకున్నారు. తిరుగు బస్సులో డ్రైవరు లైట్లు ఆర్పేసి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఇక్కడ దిగానో లేదో, ఈ చుట్టుపక్కల వరిలో ఉన్న సుడిదోమంతా దీపమనుకుని నా మీదికొచ్చి కుప్పలుగా రాలిపోయింది."

మెట్ల మీద కూర్చున్న ట్రాక్టరు నడిపే విరూపాక్ష రాయచూరువాడు. "గట్లయితే నీ పొలంల ఈసారి మందే కొట్టలేదా అన్నా?" అనడిగాడు.

"చుక్క కొట్టలేదు."

"మరి మా మందు పంపు మీ పాకలో ఏం చేస్తోంది బాబాయ్?" అంది కుసుమ. "సుడిదోమకనేగా పట్టుకెళ్ళావు."

విరూపాక్ష తలపాగా మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. చంద్రమోహన్‌కి పొలమారింది. కుసుమకీ నవ్వొచ్చింది, చాన్నాళ్ళకి. నాగేంద్రబాబు గ్లాసు తీసి చూసుకున్నాడు, అందులో ఏమీ లేదు.

నవ్వు తగ్గాక ఆమె మెల్లగా అడిగింది. "రంగునీళ్ళ సంగతైనా నిజమేనా?"

అతను ఈసారి చేతులు తిప్పలేదు. "అది నిజమేనమ్మా. నేను వెళ్ళిన రోజే వాణి ఒక చుక్క ఒలకబోసింది. ఎవరూ ఒక్క మాటనలేదు. పిల్ల ఆ పూట అన్నం తినలేదు. ఇదే అసలు మందైతే ఏమయ్యేది మామయ్యా అని ఒకటే బాధ."

కుసుమ రంగునీళ్ళకే అన్నం మానేసిన ఆ పిల్లని తలుచుకుంటూ కూర్చుంది. తర్వాత భర్తవైపు తిరిగి, తారీఖు మార్పించొద్దు, వెళ్దాం అంది.

వెళ్ళింది. అక్కడ వాణి ఈడు డాక్టరమ్మే మందు ఇచ్చింది. గ్లాసు అందుకుంటుంటే కుసుమ చెయ్యి వణికింది గానీ, అందించిన చెయ్యి మాత్రం కదల్లేదు.