శనివారం ప్రశ్నల గది

అధ్యక్ష స్థానంలో ఉన్న పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, కార్యదర్శి సురేశ్ గారికి, వెనక వరుసల్లో బిర్యానీ కోసం ఓపికగా కూర్చున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

మాసయ్య గారి వీడ్కోలు సభలో యువత తరఫున నన్ను మాట్లాడమన్నారు. నేను మాట్లాడనని అందరికీ తెలుసు కాబట్టే ఎంచుకున్నారని నా అనుమానం.

కాలేజీలో తర్కం బోధించి రిటైరయ్యాక, మాసయ్య గారు ఈ నారాయణగూడ చర్చి పక్కగదిలో ప్రతి శనివారం సాయంత్రం ప్రశ్నల గోష్ఠి నడిపారు. నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు, అశోక్ నగర్ హాస్టళ్ల కోచింగ్ విద్యార్థులు, ఎవరైనా రావచ్చు. ఇప్పుడు ఆయన వరంగల్లో కూతురి దగ్గరికి వెళ్తున్నారు. ఆయనతోపాటు గోష్ఠినీ సాగనంపాలని చర్చి కమిటీ దయతో తీర్మానించింది. వచ్చే వారం నుంచి ఆ గదిలో తెర మీద జవాబుల వీడియోలు వేస్తారట. గొప్ప సౌకర్యం. తెరను ఎవరూ ఎదురు ప్రశ్న అడగలేరు.

మాసయ్య గారిది ఒకటే నియమం. ఎదుటివాళ్ల ప్రశ్నను వాళ్లు ‘అవును, అదే’ అనేలా మన మాటల్లో అడిగి చూపించాకే జవాబు చెప్పాలి. దీనివల్ల మాలో చాలామందికి జవాబు చెప్పే అవకాశమే రాలేదు. (నవ్వులు)

చిక్కడపల్లి నుంచి వచ్చే శ్రీదివ్య ఒకసారి, “ప్రార్థనల కలిగే శాంతి మెదడుల రసాయనమే గద సార్?” అంది. “లెక్క చేసేటప్పుడూ మెదడులో రసాయనమే కదమ్మా. అందుకని లెక్క తప్పవుతుందా?” అన్నారాయన. “జర ఆలోచిస్త సార్,” అని ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది. కమిటీ దృష్టిలో ఇది వైఫల్యం.

హాస్టల్ కుర్రాడు ఎల్లేష్ కథ ఇంకా పెద్ద వైఫల్యం. “మీ దేవుడు మంచోడైతే మా అక్క కొడుకు ఎందుకు సచ్చిపోయిండు?” అన్నాడు. ఆ రోజు గోష్ఠికి వచ్చిన సురేశ్ గారు వెంటనే జవాబు అందుకున్నారు. మాసయ్య గారు ఆపి, ముందు అతని ప్రశ్న అడగమన్నారు. సురేశ్ గారు ఎన్ని రకాలుగా అడిగినా ఎల్లేష్, “గట్ల కాదన్నా,” అన్నాడు. చివరికి మాసయ్య గారే, “దేవుడు ఉన్నాడా అని కాదు, ఉంటే ఆయన ముఖం ఎట్ల చూడాలని అడుగుతున్నావు,” అన్నారు. “ఆ, గదే సార్.”

“బిడ్డ ఎందుకు పోయాడో నాకు తెలియదు,” అన్నారు మాసయ్య గారు. “కానీ లోకం ఉత్త యాదృచ్ఛికమైతే అది దురదృష్టమే గానీ అన్యాయం కాదు. నువ్వు అన్యాయం అంటున్నావు. అంటే న్యాయం ఒకటుందని నీకు తెలుసు. ఆ కోపం దేవుడితోనే చెప్పు.” ఎల్లేష్, “ఒప్పుకోను సార్. మళ్లొస్త,” అన్నాడు. వస్తూనే ఉన్నాడు. అదిగో, కిటికీ దగ్గర.

ఇప్పుడు అదే నియమం ప్రకారం కమిటీ మాటను నేను అడిగి చూపిస్తాను. సురేశ్ గారూ, మీ భయం ప్రశ్నలంటే కాదు. ఒక ప్రశ్న విని మీ పిల్లలు ఇంట్లో ప్రార్థన మానేస్తారేమోనని. అంతేనా?

(సురేశ్ గారు అవునన్నట్టు తల ఊపారు.)

అయితే చెప్తాను. నేను మానేశాను. ఆ గదికి రాకముందు. కాన్వెంటులో నా ప్రశ్నకు, మోకరించమన్న జవాబు వచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది ఆ గదిలోనే. అన్ని జవాబులూ దొరికి కాదు, అడిగితే దేవుడు కూలిపోడని కళ్లారా చూసి.

మాసయ్య గారూ, కృతజ్ఞతలు చెప్పడం నాకు సరిగా రాదు. వచ్చే శనివారం మేం వస్తాం. గదిలో వీడియో నడుస్తుంటే బయట మెట్ల మీద కూర్చుంటాం. నడిపేది నేనే. నా గొంతు వినపడకపోతే కాస్త దగ్గరికి జరగండి.

అందరికీ ధన్యవాదాలు. సెలవు.