ఉత్త పూసలు

పరిశోధక విద్యార్థిని తెచ్చిన ఫొటోను ల్యాబ్ పెద్ద మేడమ్ దీపం కింద పెట్టి చూసింది.

“ఏమిటీ నల్ల గీత?”

“వైరస్ ప్రోటీన్‌ని పూసలకి అంటించి కణాల రసంలో ముంచితే వచ్చింది మేడమ్. ఆ గీత కణంలోని కాపలా ప్రోటీన్‌ది. దాన్ని వైరస్ పట్టేసిందనడానికి అదే సాక్ష్యం.”

“సాక్ష్యమట! వైరస్ ప్రోటీన్ అంటించని ఉత్త పూసలు కూడా ముంచి చూడాలా, వద్దా?”

“ఇందులో చూడలేదు మేడమ్.”

“చూడకుండానే గంతులా! జిగురుకి ఈగ అంటుకుంటే, రెండిటికీ ప్రేమ కుదిరిందని రాసేస్తావా? ఇన్నేళ్ళూ చదివావా, గాడిదలు కాశావా?”

“ఉత్త పూసలతో నిన్న నేను చేశాను మేడమ్. వాటికీ ఇదే గీత వచ్చింది.”

“అయితే దీన్ని చెత్తబుట్టలో పడెయ్. నా ల్యాబ్ పరువు తియ్యకు.”

“ఈ ఫొటో నాది కాదు మేడమ్. మీకు అవార్డు తెచ్చిన వ్యాసంలోది. పెద్దగా ప్రింటు తీశానంతే.”

మేడమ్ ఫొటోను బోర్లా తిప్పి పెట్టింది.

“ఆ తలుపు వెయ్యి.”

“వేసే ఉంది మేడమ్. ఆ ఈగ మాట మీ వ్యాసం వేసిన పత్రిక వాళ్ళకి మీరే రాస్తారా, నన్ను రాయమంటారా?”