పాట ఆగితే తాడు గుంజాలె

యాకూబ్ రసాయనాల ట్యాంకులో ఊపిరాడక చనిపోయినందుకు కంపెనీ సేటు మీద నడుస్తున్న కేసులో ఆ రోజు సాక్ష్యం. నల్గొండ కోర్టు వరండాలో యాకూబ్ భార్య షంషున్నీసా, అతనితో పనిచేసిన గుర్వయ్య పక్కన కూర్చుంది.

“ఆయన ట్యాంకు కడుగుకుంట పాడేటోడట గదా అన్నా?”

“గొంతు చించుకునేటోడు చెల్లె. పాట ఆగితే పైనున్న నేను తాడు గుంజాలె. మాకదే గురుతు.”

“ఇంట్ల తానం చేసేటప్పుడు సుత గంతే. గల్లీ మొత్తం ఇనవడేది.” ఆమెకు నవ్వొచ్చింది. “మరి ఆ దినం?”

“‘ఒక్కని పనికి ఇద్దరెందుకు’ అని సేటు నన్ను లారీ కాడికి తోలిండు. వద్దని మొత్తుకున్న, ఇనలే. నేను పోతుంటే ఎనుక పాట ఇనవడుతనే ఉండె.”

“ఆగినప్పుడు ఇనెటోడే లేడు.”

“ఉత్త ప్రమాదమని వాళ్ల వకీలు అంటుండు.”

లోపలి నుంచి గుర్వయ్యను పిలిచారు.

“పో అన్నా. ఆయన పాడినంత గట్టిగ చెప్పు.”