రైట్ అనేదాకా

సాయంత్రం, వంటింట్లో బల్ల దగ్గర. ఆయన ఇరవై ఆరేళ్ళు ఒకే రూటులో బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. ఆవిడ ఆయన భార్య, అదే బస్సుకి కండక్టరుగా చేసింది.

“అందుకని ఆరింటికి కాదు, ఏడున్నరకి బయలుదేరదాం. ఆరింటికైతే పొగమంచు.”

“ఈ ఎండల్లో పొగమంచేమిటండీ?”

“ఉండకూడదని రూలేమన్నా ఉందా? ఏడున్నర. రాసుకో.”

“నేను రాసుకోవడమెందుకు, మీరే రాశారుగా. ఏమిటీ అక్షరాలు? ఒక్కొక్కటీ గుమ్మడికాయంత ఉంది. పేజీకి నాలుగైదు మాటలు. పక్క ఊరికి నలభై ఎనిమిది కిలోమీటర్లు పోవడానికి నోటుపుస్తకం మొత్తం అవగొట్టారు.”

“నీకు కనబడాలని.”

“నా కళ్ళు బాగానే ఉన్నాయి.”

“సంతోషం. మొదటి పేజీ చదువు.”

“‘తాడు. గొడుగు. బకెట్టు.’ బకెట్టెందుకు?”

“ఇంజను వేడెక్కితే నీళ్ళు తేవడానికి.”

“మనం ఎడారి దాటడం లేదు. గంట ప్రయాణం.”

“గంటలో ఎన్ని జరగవచ్చు? తర్వాతి పేజీ తియ్యి.”

“‘పాల డిపో. తర్వాత గుంత.’ అంతే ఉంది.”

“పాల డిపో దాటగానే ఎడమ పక్క గుంత. దాన్ని తప్పిద్దామని కుడికి పోకూడదు, అటునుంచి లారీలొస్తాయి. ముందే స్లో చేసి, సెకండు గేర్లో నెమ్మదిగా దిగి ఎక్కాలి.”

“ఇదంతా నాకెందుకు చెబుతున్నారు? నడిపేది మీరు.”

“ఊరికే. తెలిసుంటే తప్పేముంది?”

“ఇరవై ఆరేళ్ళు ఆ గుంతలో నా నడుము విరగ్గొట్టారు. నేను మర్చిపోయినా నా వెన్నుపూస మర్చిపోదు.”

“అయితే మరీ మంచిది. పోనీ, ఒక మాట చెప్పనా? బస్సుకి పోదాం.”

“ఏమిటీ?”

“ఇరవై నిమిషాలకొకటుంది. నడిపేది మన కుర్రాళ్ళే. మనల్ని చూడగానే ముందు సీటు ఖాళీ చేయిస్తారు.”

“మొన్న పాపని చూడ్డానికి బస్సులోనే పోయాం. సరే. రేపు పోయేది చూసి రావడానికి కాదు. పదకొండింటికి డిశ్చార్జి. బాలింతని, మూడు రోజుల పసిగుడ్డుని బస్సులో వేలాడదీసి ఇంటికి తీసుకెళ్తారా? అల్లుడికున్నది స్కూటరు. అమ్మాయి ఆస్పత్రిలో మీ చెయ్యి పట్టుకుని ఏమంది? నాన్న కారొస్తేనే మంచం దిగుతానంది.”

“విన్నాను.”

“తలూపారు కూడా.”

“మెడ పట్టేసింది, సవరించుకున్నాను. ట్యాక్సీ అనేది ఒకటుంది కదా లోకంలో.”

“కారు కొని నాలుగు నెలలైంది. పొద్దున్నే కవరు తీస్తారు, తుడుస్తారు, కవరు కప్పుతారు. సాయంత్రం మళ్ళీ తీస్తారు, తుడుస్తారు. ఒక్కరోజన్నా గేటు దాటించారా? మీ షెడ్డులో ఉన్నది కారా, అల్మారానా అని పక్కింటావిడ అడిగింది.”

“కొత్తది. మెల్లగా అలవాటవ్వాలి.”

“ఎవరికి, కారుకా?”

“కదలకపోయినా పెట్రోలు మాత్రం తాగుతోంది. చూశావా ఆ విచిత్రం?”

“ఎండకి ఆవిరైపోతుందేమో.”

“షెడ్డులో ఎండా?”

“మాట మార్చకండి.”

“నేనా మార్చింది? సరే, నీ కుట్టు క్లాసు సంగతేమిటి? నాలుగు నెలలుగా ప్రతి గురువారం వెళ్తున్నావు. ఇంట్లోకి ఒక్క దిండు గలీబు రాలేదు.”

“ఇంకా మొదట్లోనే ఉన్నాం. సూదిలోకి దారం ఎక్కించడం చెబుతున్నారు.”

“నాలుగు నెలలా?”

“కంగారుపడితే వచ్చే విద్య కాదండీ అది. తర్వాతి పేజీలో ఏముంది? ‘వంతెన. హారను రెండుసార్లు.’”

“వంతెన మలుపులో ఎదురొచ్చే బండి కనబడదు. అక్కడ రెండుసార్లు హారను కొట్టాలి, భయపడి కాదు, మర్యాదకి. పొడుగ్గా నొక్కకూడదు. ఎదుటివాడికి ఒళ్ళు మండుతుంది.”

“మీరెప్పుడూ పొడుగ్గానే నొక్కేవారు.”

“అది బస్సు. బస్సుకి మర్యాదేమిటి? తర్వాతిది?”

“‘రైలు గేటు. ఎత్తు. హ్యాండు బ్రేకు.’”

“గేటు పడితే ఎత్తు మీద ఆగాల్సొస్తుంది. హ్యాండు బ్రేకు వేసి ఉంచాలి. గేటు లేచాక వెనకవాళ్ళు గోల పెడతారు. పెట్టనీ. మెల్లగా క్లచ్చు వదిలి, బండి ముందుకి లాగుతోందని తెలిశాకే బ్రేకు దించాలి.”

“అది నిజంగా కష్టమండీ.”

“నీకెలా తెలుసు?”

“చూస్తుంటే అలా అనిపించేది. వెనకనుంచి.”

“ఊఁ.”

“ఎవరెక్కడ కూర్చోవాలో కూడా రాశారా?”

“రాయనవసరంలేదు. వచ్చేటప్పుడు అమ్మాయి, పాప వెనక. అల్లుడు స్కూటరు మీద వెంట వస్తాడు. నువ్వు ముందు. అందులో మార్పు లేదు.”

“ఆ ఒక్క మాటా గట్టిగా చెప్పారు. ఏమండీ, ఇరవై ఆరేళ్ళు మీ వీపు చూస్తూ తిరిగాను. వెనక జనంలో నేను, ముందు మీరు. పెళ్ళయ్యాకా అంతే. అందరి మొగుళ్ళకీ ముఖాలుంటాయి, నా మొగుడికి మెడా, రెండు చెవులూ ఉండేవి. రిటైరయ్యాక కారు కొంటాను, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఇదే రోడ్డు మీద తీసుకెళ్తాను అని ఎన్నిసార్లన్నారు?”

“చాలాసార్లు.”

“నాకు కారు మోజు లేదు. పక్కపక్కన కూర్చుని ఆ రోడ్డు ఒక్కసారి చూడాలి. అంతే నా కోరిక.”

“అన్నాను కాబట్టి జరుగుతుంది.”

“అయితే రేపు ఏడున్నరకి.”

“తొమ్మిదికి. ఏడున్నరకి బడిపిల్లలు రోడ్డు నిండా ఉంటారు.”

“రేపు ఆదివారం.”

“ఆటలకొస్తారు.”

“నన్ను వదిలేసి పోవాలని చూస్తున్నారు మీరు. పద్నాలుగో స్టాపులో వదిలేసినట్టు.”

“ఎత్తావా మళ్ళీ.”

“ఎందుకెత్తను? ముసలమ్మని ఎక్కించి, ఆవిడ మూట అందుకోవడానికి నేను కిందకి వంగితే, నేను రైట్ అనకుండానే పోనిచ్చారు. ముసలమ్మ బస్సులో, మూట నా చేతిలో. మూడు కిలోమీటర్లు కండక్టరు లేకుండా పోయారు.”

“వెనకనుంచి ఎవరో రైట్ అన్నారు.”

“ముసలమ్మే అంది, ఆవిడకి తొందర. నేను ఉల్లిపాయల లారీ ఎక్కి మీ వెంటబడ్డాను.”

“ఆ సాయంత్రం క్షమించమని అడుగుదామనే కదా మీ ఇంటికొచ్చాను. మీ నాన్న ఎదురుగా నిలబడ్డాడు. ఏం చెప్పాలో తోచక పెళ్ళి సంగతి అడిగేశాను.”

“క్షమించమని మాత్రం ఇప్పటిదాకా అడగలేదు.”

“అడగకపోతేనేం? ఆ రోజునుంచి నువ్వు రైట్ అనేదాకా చక్రం కదిలించానా? ఒక్కసారైనా?”

“లేదు. ఆ మాట మాత్రం నిజం.”

“మరి?”

“మరి ఇప్పుడు అంటున్నాను. రైట్. లేవండి, వీధి చివరిదాకా ఒకసారి తిప్పుకొద్దాం. ఇంకా వెలుతురుంది.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

“టైర్లలో గాలి చూడాలి.”

“పొద్దున చూశారు.”

“నాలుగోది చూడలేదు.”

“నాలుగూ చూశారు, స్టెప్నీ కూడా చూశారు. తాళాలు మీ చేతి పక్కనే ఉన్నాయి, తీసుకోండి.”

“ఏవీ?”

“బల్ల మీద. మీ కుడిచేతి పక్కన.”

“ఆఁ. ఇవిగో.”

“అది చెంచా.”

“చెంచానే. టీ కలుపుకుందామని తీశాను.”

“టీ తాగేసి అరగంటైంది. ఏమండీ, పోయిన వారం పక్కింటి తీగ మీద ఆరేసిన కోటుతో పది నిమిషాలు మాట్లాడారట.”

“ఎవరన్నారు?”

“పక్కింటావిడ. కిటికీలోంచి చూసిందట. డిపో రాజకీయాలన్నీ విప్పి చెప్పారట. వాళ్ళాయనకే ఎవరూ అంత మర్యాద ఇవ్వలేదు, ఆయన కోటుకి దక్కిందని మురిసిపోయింది.”

“మధ్యలో అడ్డు తగలకుండా విన్నాడు. అప్పుడే నాకు అనుమానమొచ్చింది.”

“నవ్వించకండి. కంటి డాక్టరు చీటీ చూశాను.”

“ఏ చీటీ?”

“రెండు కళ్ళలోనూ పొరలు. ఆపరేషనయ్యేదాకా బండి నడపరాదు. కింద రెండు గీతలు కూడా గీశాడు. మీరు వెళ్ళి చూపించుకుని ఆరు వారాలైంది. నాతో ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను? పక్క సీట్లో కూర్చోబెడతానని ఇన్నేళ్ళు ఊరించాను. తీరా కారు ఇంటికొచ్చాక కళ్ళు పోయాయని చెప్పనా? నాలాంటి డ్రైవరు లేడని డిపో అంతా అనుకునేది.”

“మీరే చెప్పుకునేవారు.”

“ఎవరో ఒకరు చెప్పాలిగా. రోజూ పొద్దున స్టీరింగు ముందు కూర్చుంటాను. ఎదురుగా గేటు పొగలో ఉన్నట్టుంటుంది. నాకు గుంతలన్నీ తెలుసు, మలుపులన్నీ తెలుసు, కళ్ళు మూసుకుని పోగలను అనుకుంటాను. ఇప్పుడేమో ఆ మూడు రోజుల పిల్ల గుర్తొస్తోంది. దాన్ని వెనక పెట్టుకుని కళ్ళు మూసుకుని ఎలా పోను? భయమేసింది. స్టీరింగు ముందు కూర్చుని భయపడటం నాకు ఇదే మొదలు.”

“నాతో అంటే నవ్వుతాననుకున్నారా?”

“నవ్వితే బాధలేదు. జాలిపడతావని.”

“మీ మీద జాలిపడేంత తీరికెక్కడుంది నాకు?”

“అది సరే. చీటీ నీకెక్కడ దొరికింది?”

“కారులో. డాష్‌బోర్డు అరలో.”

“కారులో నీకేం పని?”

“తుడుద్దామని.”

“నేను రోజూ రెండు పూటలా తుడుస్తుంటే?”

“అరలో తుడవరుగా మీరు.”

“కుట్టు క్లాసునుంచి వచ్చి మరీ తుడిచావా?”

“కోప్పడనంటే ఒకటి చూపిస్తాను.”

“చూపించు. కనబడితే కోప్పడతాను.”

“ఇదిగో. దగ్గరగా పెట్టుకుని చూడండి. ఇంకా దగ్గరగా.”

“ఏదో కార్డు. ఫోటో ఉంది. ఎవరో ఆడమనిషి. చిల్లర లేకపోతే దిగిపొమ్మన్నట్టు చూస్తోంది. ఇది నువ్వు కదూ?”

“నేనే. లైసెన్సు. మంగళవారం చేతికొచ్చింది. మొదటిసారి తప్పాను, రివర్సులో డ్రమ్ముని గుద్దేశాను. రెండోసారి డ్రమ్ము జోలికి పోలేదు. కుట్టు క్లాసూ లేదు, సూదీ లేదండీ. గురువారం మీరు డిపోకి కబుర్లకి పోగానే, డ్రైవింగు నేర్పే ఆవిడ ఇంటికొచ్చేది. మన కారే తీసేవాళ్ళం. పెట్రోలు ఆవిరైపోలేదు.”

“ఊఁ.”

“మొదట్లో మీ కళ్ళ సంగతి నాకు తెలీదు, కారు ఊరికే పడుందని మొదలుపెట్టాను. మీరు పేపరు తలకిందులుగా పట్టుకుని పది నిమిషాలు చదివిన రోజు అనుమానమొచ్చింది. ఈయన నడపలేకపోతే ఎవరో ట్యాక్సీవాడి వెనక ముడుచుకుని కూర్చుంటాడు, అది చూడలేను అనిపించింది. అందుకే లైసెన్సు వచ్చేదాకా వదల్లేదు. రేపు నేను నడుపుతాను. కోపమా?”

“ఇంకేమైనా ఉందా చెప్పాల్సింది?”

“ఉంది. ముందు బంపరుకి ఎడమ మూల చిన్న గీత పడింది. గేటుకి తగిలింది. తెలీకుండా కాస్త రంగు వేశాను.”

“గోళ్ళరంగు.”

“మీకెలా తెలుసు?”

“కళ్ళు లేకపోతేనేం, చేతులున్నాయిగా. రోజూ తుడిచేది నేనే. గీత తగిలింది, దాని మీద నున్నగా ఇంకోటి తగిలింది. సీటు ప్రతి గురువారం జానెడు ముందుకి జరిగి ఉండేది. నేను వెనక్కి జరిపేవాణ్ణి. మొన్ననుంచి జరపడం మానేశాను.”

“మరి ఆ చీటీ?”

“నీకు కనబడకూడదనుకుంటే నువ్వు కూర్చునే చోట పెడతానా?”

“అంటే ఈ గుంతలూ, ఈ హ్యాండు బ్రేకూ, ఈ గుమ్మడికాయలంత అక్షరాలూ...”

“ఆఖరి పేజీ చదవలేదు నువ్వు.”

“ఇంకేముంటుంది, ఇంకో గుంతేగా.”

“చదువు.”

“ఇది ఎప్పుడు రాశారు?”

“మొన్న. పాప పుట్టిందని అల్లుడు ఫోను చేసినప్పుడు. నువ్వు కుట్టుకుంటున్నావు. పైకి చదువు, నాకు కనబడదు.”

“‘పక్క సీటు నాది. నేను రైట్ అనేదాకా కదలకు.’”