ఫ్లెక్సీలో నడుమ బొమ్మ

నరసన్నపేటలో ఫ్లెక్సీలు వేసే ఉమాశంకర్ కొట్టు. ఎండన పడి వచ్చిన గురమ్మ బల్ల ముందు నిలబడి ఉంది.

"హైవే మీది ఫ్లెక్సీ సాయంత్రానికి తీయించేస్తాను పెద్దమ్మా. మరింక తిట్టకు."

"నేను తిట్టినానా? ఇంకా ఏటీ అనలేదే."

"పొద్దున్నుంచీ అందరూ అదే పాట. 'మన జిల్లా ఆణిముత్యాలు' అని రాసి, బరువులెత్తే పోటీల్లో గెలిచిన స్వర్ణ పేరు మీద ఎవరి బొమ్మో ఏసినావని. ఫ్లెక్సీ ఏయించిన కుర్రాళ్లు గ్రూపు ఫొటో పంపి, ఎడమ నుంచి రెండో పిల్ల అన్నారు. నేను కుడి నుంచి సూసేసినాను."

"ఎవరి బొమ్మో కాదు. అది మా భరణి."

"నీ కూతురా?"

"నా కూతురే. స్వర్ణతోపాటే బరువులెత్తీది."

"అయ్యో! ఐతే తిట్టు, పడతాను. అదిగో, కొత్తది అచ్చవుతన్నాది. సాయంత్రం కట్టించేస్తాను."

"కట్టించకు."

"ఏటీ?"

"పాతదే ఉండనీ. బాగున్నాది. ఇటు హరికథలాయన, అటు గుండె డాక్టరుగారు, నడుమ మా పిల్ల. నవ్వుతన్నాది కూడాని."

"నవ్వితే సరిపోద్దా? రేపు సాయంత్రం స్వర్ణకి సన్మానం. తన బొమ్మ లేకపోతే కుర్రాళ్లు నన్ను ఉతికేస్తారు."

"స్వర్ణ ఏటీ అనుకోదు. మా ఇంట్లో గంజి తాగిన పిల్లే."

"తననుకోకపోతే ఊరనుకోదా? పోనీ, ఆ బొమ్మ కోసి నీకిచ్చేస్తాను. ఇంట్లో గోడకి కట్టుకో."

"ఇంట్లో ఎవులు సూస్తారు? నేనొక్కదాన్నే. హైవే మీదైతే బస్సులెల్తాయి."

"బస్సుల్లోవాళ్లు సూస్తే నీకేటి?"

"ఎండ సూసినావా బాబూ, ఈ ఏడు మరీని..."

"పెద్దమ్మా. భరణి ఏదీ?"

"నాకేటి తెలుసు? నాతో దెబ్బలాడి ఎల్లిపోనాది. శానా ఏళ్లయినాది. విశాపట్నంలో సూసినామన్నారు ఒకలు. బరంపురంలో అన్నారు ఒకలు. అటెల్లినా ఇటెల్లినా ఈ హైవే మీదే కదా ఎల్లాల."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదా! కొత్త ఫ్లెక్సీ కింద తన బొమ్మ, నీ ఫోన్ నంబరు ఏస్తాను. 'అమ్మ ఎదురుసూస్తన్నాది, వచ్చేయ్' అని రాస్తాను."

"వద్దొద్దు. అలా పిలిస్తే మరింక రాదు. దాని సంగతి నాకు తెలుసు."

"మరి ఈ తప్పుల ఫ్లెక్సీ ఉండి ఏటి లాభం?"

"దాని మొహం కింద ఇంకోలి పేరెడితే అది ఊరుకోదు. ఒకలి కష్టం ఇంకోలికి ఎలా రాస్తావురా అని మీదికొస్తాది. కింద నీ కొట్టు పేరూ, నంబరూ ఉన్నాయి కదా."

"సరే, రేపు మద్దేనం దాకా ఉంచుతాను. అంతకుమించి నావల్ల కాదు. మరి వస్తే ఏటి సెప్పాల? మీ అమ్మొచ్చిందనా?"

"సెప్పకు. నా పేరెత్తితే ఎల్లిపోద్ది. నాకు ఫోను కలిపి, బల్ల మీదెట్టు. అది నిన్ను తిట్టినంతసేపూ ఇంటాను. నేను పలకను."